మంచుతొట్టి పక్కన కాపలా

విజ్ఞానశాస్త్రం పేరు చెప్పి వచ్చిన దేనినైనా సరే అభ్యుదయమని నెత్తిన పెట్టుకునే మిత్రులు మనలో కొందరున్నారు. ఆత్మ లేదు, పరలోకం లేదు, మనిషి అంటే యీ మెదడే. దానిని చెడకుండా దాచగలిగితే మృత్యువు మీద భౌతికవాదం గెలిచినట్టే కదా అని వారి వాదన. అమెరికాలో క్రయోనిక్స్ పేరిట సాగుతున్న శవసంరక్షణను వారు యీ దృష్టితోనే సమర్థిస్తున్నారు.

ఎట్టింగర్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు 1964లో పుస్తకం అచ్చువేసి ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన యిది. 1967 జనవరిలో బెడ్‌ఫోర్డ్ అనే విశ్రాంత ఆచార్యుని శరీరాన్ని కాలిఫోర్నియాలో మొట్టమొదట గడ్డకట్టించారు. నాటినుంచి నేటివరకు ఒక్కరూ తిరిగి లేవలేదు. లేపే పద్ధతి యెవరికీ తెలియదు. వ్యాపారం మాత్రం నడుస్తూనే వుంది.

అమ్ముతున్న సరుకు యేమిటో తెలియాలంటే స్టాండ్‌బై అనే ఘట్టాన్ని చూడాలి. రోగి యింకా బతికి వుండగానే ఒక బృందం వచ్చి అతని మంచం దాపున కాచుకొని వుంటుంది. మనిషి పట్టే తొట్టి, బస్తాల కొద్దీ మంచు, రొమ్మును లయగా అదిమే యంత్రం, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, అన్నీ సిద్ధం. చట్టప్రకారం మరణం ప్రకటించేవరకు పని మొదలుపెట్టరాదు. ప్రకటించిన మరుక్షణం శరీరాన్ని మంచులో దించి, యంత్రంతో రక్తాన్ని ఆడించి, ఆపైన రక్తాన్ని తోడేసి, మంచుపలుకులు కట్టనీయని ద్రావకాలు యెక్కిస్తారు. చివరకు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిలువ. నిమిషాలు గడిచినకొద్దీ మెదడు చెడుతుంది గనుక యీ తొందర. రోడ్డు ప్రమాదంలో పోయి శవపరీక్షకు చేరినవానికి యీ యేర్పాటు అందదు. చావు చెప్పి రావాలి. బృందం ముందుగా వస్తే ఖర్చు, ఆలస్యంగా వస్తే పాడయిన మెదడు. కనుకనే అరిజోనాలోని ఆల్కార్ సంస్థ అవసానదశలో తమ వూరి దాపుకు వచ్చెయ్యమని సభ్యులకు సలహా చెబుతుంది!

ధరలు చూడండి. ఆల్కార్‌లో మొత్తం శరీరానికి 2 లక్షల డాలర్లు పైమాటే. తల ఒక్కటే అయితే 80 వేలు. ఎట్టింగరే మిషిగన్‌లో స్థాపించిన సంస్థ 28 వేలకు కూడా చేస్తుంది, కాని ఆ ధరలో స్టాండ్‌బై లేదు. అమరత్వంలో సైతం మొదటి తరగతి, మూడవ తరగతి! చాలామంది జీవితబీమా సొమ్ముతో చెల్లిస్తారు. పోయినవాని బిడ్డలకు ఆసరా కావలసిన బీమా తిరిగి శవానికే చేరుతుంది. ఆ సొమ్ము ఆగితే యేమవుతుందో 1979లో తేలింది: లాస్‌ఏంజిలస్ దగ్గర చాట్స్‌వర్త్ శ్మశానంలో దాచిన శవాలు కరిగి కుళ్లిపోయాయని బయటపడింది.

(యిది మనవారికి యేనాడో తెలుసునని రేపోమాపో పండితులు భాగవతం విప్పుతారు. నిమి దేహాన్ని మునులు సుగంధద్రవ్యాలలో భద్రపరిచిన మాట నిజమే. బతికించబోతే ఆ దేహం తనకు మళ్లీ వద్దని నిమి అన్న మాట కూడా అక్కడే వుంది.)

మృత్యువును గెలవాలన్న కోరికను నేను తప్పుపట్టడం లేదు. పందొమ్మిదవ శతాబ్దపు రష్యాలో ఫ్యోదరోవ్ అనే భక్తుడు, చనిపోయిన పూర్వీకులందరినీ బతికించడమే మానవజాతి ఉమ్మడి కర్తవ్యమన్నాడు. అసాధ్యమైన కల, అయినా అందులో యెవరినీ రుసుము అడగలేదు. బోల్షివిక్ బొగ్దనోవ్ 1926లో మాస్కోలో రక్తమార్పిడి సంస్థ స్థాపించి, 1928లో ఒక రోగి అయిన విద్యార్థితో రక్తం మార్చుకొని మరణించాడు. విద్యార్థి కోలుకున్నాడు.

అప్పుడు మిత్రులు యింగ్లండు బాలికను ముందుకు తెస్తారు. కేన్సరుతో మరణిస్తున్న 14 యేళ్ల పిల్ల తనను గడ్డకట్టించమని కోరింది. తల్లిదండ్రులు విడిపోయినవారు, యేకీభవించలేదు. 2016లో లండన్ హైకోర్టు నిర్ణయాధికారాన్ని తల్లికిచ్చింది. ఖర్చు సుమారు 37 వేల పౌన్లు. సామాన్యులకూ అందుతోంది కదా అంటారు. ఆ పిల్ల కోరికకు వంకపెట్టే అధికారం యెవరికీ లేదు. కాని ఆసుపత్రివారు తర్వాత న్యాయమూర్తికి తెలిపిన సంగతి మిత్రులు చదివారా? వచ్చిన స్వచ్ఛంద బృందానికి సరైన సామగ్రి లేదట, పని పద్ధతిగా సాగలేదట. బిడ్డ చివరి రోజున తల్లి మరణానంతర యేర్పాట్లలోనే మునిగిపోయి బిడ్డకు పూర్తిగా దక్కలేదట. ఆ తల్లిని నిందించేవాణ్ణి కాను. ఆ రోజున ఆమె మనసును బిడ్డ మీదనుంచి మంచు మీదికి మళ్లించిన యేర్పాటును యే భౌతికవాదంతో సమర్థిస్తారో మిత్రులు చెప్పాలి.