బాస వెట్టి

హాస్టళ్లకు వచ్చి వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు మా పిల్లలకు ఒకటే మాట చెప్తరు: బ్యాలెన్స్ చేసుకోండి. బడి పాఠాలు ఒక పక్క, ఇంగ్లీషు నేర్చుకునుడు ఒక పక్క. తెల్లారగట్ల లేచి ఒక గంట గ్రామరు, రాత్రి పండుకునే ముందు అరగంట ఇంగ్లీషు పేపరు, రోజుకు 10 కొత్త మాటలు. అలసట వస్తే అది మనసు బలహీనత, ధ్యానం చేస్తే పోతది. ఇంత చెప్పి, శాలువా కప్పించుకొని, కారెక్కి పోతరు.

తూకం సంగతి మాకు ఒకరు చెప్పాల్నా? పత్తి తూచే కాడ కాంటా ఎటు మొగ్గుతదో మా అవ్వలు చిన్ననాటి సంది చూస్తనే ఉన్నరు. రాళ్లు ఎవరివి, కాంటా పట్టిన చెయ్యి ఎవరిది అని అడగకుంట ‘సమంగ తూచుకో’ అనేటోడు సేటు పక్క మనిషే.

నేను చెప్పదలుచుకున్నది ఇది. చదువుకుంట బాసలు నేర్చుకునే మాల మాదిగ పిల్లల తల అలిసిపోతున్నదంటే అది వాళ్ల బలహీనత కాదు. పని ఎక్కువైంది. ఆ పనిని ఎవరూ పనిగా లెక్కగట్టరు. దానికి టైం ఇయ్యరు, మార్కులియ్యరు. కూలి లేని పనికి మనకు పాత పేరే ఉన్నది. వెట్టి. మా తాతలు దొర గడీకి చెప్పులు, మోటకు తొండాలు ఉత్తగ కుట్టిచ్చింది రెక్కల వెట్టి. వాళ్ల మనవలు, మనవరాండ్లు బడిల చేస్తున్నది తలకాయ వెట్టి.

ఊర్లోని పిల్లవాడు బడికొస్తే వాని ఇంట్ల బాసకు దగ్గరి బాసే వాచకంల కనబడ్తది. కొంచెం తేడా ఉన్నా, తాత చదివే భాగవతమో నాయన చదివే పేపరో ఆ సందును పూడుస్తది. వానికి ఇంగ్లీషు నిజంగనే రెండో బాస. మాకు? వాడ బాస ఒకటి. వాచకం తెలుగు రెండోది. హిందీ మూడోది. ఇంగ్లీషు నాలుగోది. హైద్రాబాద్ వస్తే కిరాయి రూము అడగడానికి నాలుగు ఉర్దూ ముక్కలు కూడ కావాలె. (రూము అడిగితే కులం అడుగుతరు, అది వేరే కత.) బడి రిజిస్టర్ల మాత్రం ఇద్దరి పేర్ల ఎదురుంగ ఒకటే రాసి ఉంటది: మాతృభాష తెలుగు.

నేను 1991ల ఆరో తరగతికి హాస్టల్ల చేరిన. మాది నల్లగొండ జిల్లాల ఒక మాదిగ వాడ. నేను తీసుకపోయిన బాస తక్కువది కాదు. మా తాత లంద కాడ కూసుంటే ఆరె, రంపె, గూటం, వారు, తొండం, తంగేడు చెక్క, సున్నం నీళ్లు, ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క పని ఉండేది. తోలు ఎన్నొద్దులు నానాలె, ఎప్పుడు తిరగెయ్యాలె, ఏది డప్పుకు, ఏది చెప్పుకు, ఆ తెలివంతా ఆ మాటలల్లనే ఉండేది. బడిల అవి ఒక్కటి పనికి రాలే. ‘బర్రె’ అని రాస్తే కొట్టేసి ‘గేదె’ అని రాసిన్రు. ‘అస్తుండు’ అన్నందుకు నన్ను లేపి నిలబెట్టి, ఇదేం తెలుగని క్లాసంతా నవ్వేటట్టు చేసిన్రు.

ఆవు మీద వ్యాసం ఒకటుండె. ఆవు సాధుజంతువు. ఆవు పాలిచ్చును. దాని చర్మముతో చెప్పులు తయారుచేయుదురు. ఆ ఆఖరి వాక్యం కాడ నేను ఆగిన. తయారుచేయుదురు అంటే ఎవరు? తెలుగుల కర్త లేకుంటనే వాక్యం నడుస్తది. చేసినోళ్లంతా క్రియ తోకల దాక్కుంటరు. నేను ‘మా తాత తయారుచేయును’ అని రాసి, ఎట్ల చేస్తడో ఆరు వరుసలు రాసిన. సారు ఎర్ర సిరతోని అడ్డంగ గీకి ‘అధిక ప్రసంగం’ అని రాసిండు. ఆ మాటకు అర్థం తెలుసుకోవడానికి నాకు ఇంకో పూట పట్టింది. తిట్టు కూడ మాకు కొత్త పాఠమే.

ఆ తర్వాత సంధులు, సమాసాలు, ఛందస్సు. గసడదవాదేశ సంధి అని నోరు తిరిగేదాక అప్పజెప్పించిన్రు. చిన్నయసూరి 19వ శతాబ్దంల రాసిన వ్యాకరణం మా రాత్రి చదువులో సగం తిన్నది. హిందీకి ఉమ్మడి రాష్ట్రంల పదో తరగతి పాస్ మార్కులు 20, మిగతా వాటికి 35. ఈ 20 అంకె నాకు చాల ఇష్టం. ఈ బాస ఈ పిల్లలకు కొత్తది, కష్టమైంది అని సర్కారు స్వయంగ ఒప్పుకున్న కాయితం అది. వాచకం తెలుగు మాకు అంతే కొత్తదని మాత్రం ఒక్క ఆఫీసరు ఒప్పుకోలే. ఒప్పుకుంటే తెలుగు ఎవరిది అనే ప్రశ్న వస్తది కద.

సైన్సుకు పోదాం. చెట్టు ఆకును నలిపితే చేతికంటేదాన్ని మా అవ్వ ఆకు పసరు అంటది. పదో తరగతి పుస్తకం ఆకు పచ్చగ ఉండడానికి కారణమైనదాన్ని పత్రహరితం అంటది. ఇంటర్ల లెక్చరర్ క్లోరోఫిల్ అంటడు. ద్రవ్యవేగం పోయి మొమెంటమ్ అయితది, త్వరణం పోయి యాక్సిలరేషన్ అయితది. అమ్మానాయినలు చదువుకున్న పిల్ల ఒక్కసారి నేర్చుకున్నదాన్ని మేం మూడుసార్లు నేర్చుకుంటం. మార్కులు ఒక్కసారికే. మిగతా రెండుసార్ల పని ఏ ఖాతాల పడ్డది?

తలకాయ వెట్టి అంటే ఇదే. ఇది ఒంటి మీద ఎట్ల కనబడ్తదో కూడ చెప్పాలె, ఎందుకంటే మా పిల్లలు దీన్ని రోగమనుకొని సిగ్గుపడ్తున్నరు. ఒకటే వరుసను నాలుగుసార్లు చదువుతవు, అక్షరాలు కనబడ్తయి, అర్థం దిగదు. జవాబు తెలుసు, కాని అది వేరే బాసల నోటికొస్తది. ఇంగ్లీషు పుస్తకం తెరిచిన పది నిమిషాలకు ఆవులింతలు. దోస్తు మామూలు మాటంటే ఏడుపొస్తది. దీన్ని మా వాడల ‘ఎక్కుతలేదు’ అంటరు. నిండిన కుండకు ఇంకెట్ల ఎక్కుతది? టీచరు దీన్ని ‘మొద్దు’ అంటడు. రెండు మాటలల్ల ఏది నిజానికి దగ్గరున్నదో మీరే చూడుండ్రి.

జిమ్ కమ్మిన్స్ అనే పరిశోధకుడు కెనడాకు వలసపోయిన కుటుంబాల పిల్లల మీద 1980ల కాలం నుంచి చెప్తున్న సంగతి ఒకటున్నది. కొత్త బాసల ముచ్చట పెట్టడానికి సుమారు 2 ఏండ్లు సరిపోతయి. అదే బాసల పాఠం చదివి, ఆలోచించి, పరీక్ష రాసేంత పట్టు రావాల్నంటే 5 నుంచి 7 ఏండ్లు పడ్తది. అక్కడ మంచి బడి, కడుపు నిండ తిండి ఉన్న పిల్లలకు కూడ ఇంతే. మనకేమో ఎండకాలం సెలవులల్ల బ్రిడ్జి కోర్సు, దాని మీద 30 రోజుల్లో ఇంగ్లీషు పుస్తకం, అమీర్‌పేటల స్పోకెన్ ఇంగ్లీషు. 7 ఏండ్ల పనిని 30 రోజులల్ల చెయ్యమని, చెయ్యకపోతే నీకు ఏకాగ్రత లేదని అంటరు.

ఈ మాట అనంగనే తెలుగు భాషాభిమానులు సంతోషపడ్తరు. చూసిన్రా, మేం చెప్పలేదా, అమ్మబాసలనే చదవాలె అంటరు. ఆగుండ్రి. 2019 నవంబరుల ఆంధ్రప్రదేశ్ సర్కారు తన బడులల్ల ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు ఇచ్చినప్పుడు మీరు పెట్టిన గోల మాకు యాదికుంది. 2020 ఏప్రిల్‌ల హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. గోల పెట్టినోళ్లల్ల ఎందరి పిల్లలు తెలుగు మీడియంల చదివిన్రు? ఆగస్టు 29న గిడుగు రామమూర్తి బొమ్మకు దండేస్తరు. మరి ఆ గిడుగు సవర బాస నేర్చుకొని, దానికి వ్యాకరణం రాసి, సవర పిల్లలకు వాళ్ల బాసలనే వాచకాలు తయారుచేసి బడి నడిపిండని ఎన్ని సభలల్ల చెప్పిన్రు? ఆయన చేసిన పనులల్ల మాకు పనికొచ్చే పని అదే. దాన్నే దాచిపెట్టిన్రు.

2020 జాతీయ విద్యా విధానం చదువుండ్రి. 5వ తరగతి దాక, వీలైతే 8 దాక, ఇంటి బాస, మాతృభాష, స్థానిక భాష, ప్రాంతీయ భాషల బోధన అంటది. ఈ నాలుగింటి నడుమ ఏటవాలు గీతలు గీసి, నాలుగూ ఒకటే అన్నట్టు రాసిన్రు. ఇంటి బాస కాడ మొదలుపెట్టిన వాక్యం ప్రాంతీయ భాష కాడికి చేరెటాల్లకు మా వాడ మాయమైంది.

ఇంగ్లీషు మాకు కావాలె. సావిత్రిబాయి ఫూలే దాన్ని తల్లి అన్నది ఊరికే కాదు. ఆ తలుపు తీస్తేనే కోర్టు తీర్పు అర్థమైతది, యూనివర్సిటీ మెట్లెక్కుతం. తెలంగాణల 2022–23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం పెట్టిన్రు, పెట్టాల్సిందే. కాని బోర్డు మీద అక్షరాలు మార్చుడు ఒక్కటే మార్పా? బాసను నేర్పకుంటనే ఆ బాసల పాఠం చెప్పుడు, ఈత నేర్పకుంట బాయిల తోసుడు ఒకటే. మునిగినోళ్లను వెనుకబడ్డోళ్లని రాసుకుంటరు.

మన సభల సంగతి కూడ మాట్లాడుకోవాలె. ఏప్రిల్ 14 వస్తే మైకు పట్టుకున్న ప్రతి అన్నా ‘బాబాసాహెబ్ రోజుకు 18 గంటలు చదివిండు, మీరెందుకు చదవరు’ అని పిల్లలను గద్దిస్తడు. అంబేద్కర్ హైస్కూల్ల సంస్కృతం చదువుతనంటే అంటరానోడని నేర్పలే, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. సంస్కృతం తర్వాత సొంతంగ కష్టపడి నేర్చుకున్నడు. పక్క బెంచి పిల్లవానికి బడిల దొరికింది ఆయనకు బడి బయట, సొంత నిద్రను ఖర్చుపెట్టుకుంటే దొరికింది. చక్కెర రోగంతోని ఏండ్ల తరబడి బాధపడి, 1956 డిసెంబర్ 6న, 65 ఏండ్లకే పోయిండు. ఆయన అన్ని గంటలు చదవాల్సి రావడం ఈ దేశం మీద నేరం కింద రాయాలె. దాన్ని మన పిల్లల వీపు మీద కొరడా చేస్తే ఎట్ల?

నేను ఇప్పుడు సాయంత్రాలు హాస్టల్ ఆడపిల్లలకు పాఠాలు చెప్త. మొన్న ఇంటర్ ఫస్టియర్ పిల్ల ఒకామె అడిగింది: “అక్కా, తెలుగుల చదివితే అర్థమైతది, పరీక్ష ఇంగ్లీషుల. ఇంగ్లీషుల చదివితే నిద్రొస్తది. ఎట్ల బ్యాలెన్స్ చెయ్యాలె?”

ముందుగాల పండుకో చెల్లె, అన్న. నిద్రొస్తే నిద్రపోవుడు తప్పు కాదు. పాఠాన్ని మొదలు నీ బాసల, మీ అమ్మకు చెప్పినట్టు, నీకు నువ్వే చెప్పుకో. అర్థమైనంక ఇంగ్లీషు మాటలు పెట్టు. రెండు కొత్తవి ఒకేసారి నెత్తిన పెట్టుకోకు. మాటల పట్టీలు బట్టీ కొట్టుడు బంద్ చెయ్యి, నీ పాఠంల వచ్చే మాటలే చాలు. వారంల ఒక రోజు ఏ పుస్తకం ముట్టకు. నలుగురు కలిసి కూసొని తప్పో ఒప్పో ఇంగ్లీషు మాట్లాడుండ్రి, నవ్వేటోళ్లను గదిలకు రానియ్యకుండ్రి. పది రోజులకు కూడ తల తేలిక కాకుంటే, అన్నం సయించకుంటే, బతుకు మీద ఆశ పోయినట్టయితే ఒక్కదానివి ఉండకు, నాకు చెప్పు, డాక్టరు కాడికి పోదాం.

ఇవి గాయానికి కట్టే గుడ్డలు, నాకు తెలుసు. గాయం చేస్తున్న చెయ్యి టైంటేబుల్‌ది. బాస నేర్చుకునే గంటలు బడి లోపట ఉండాలె, నిద్రల నుంచి కోసి తీసేది కాదు. ఆరో తరగతిల, ఇంటర్ మొదటేడుల, మీడియం మారిన ప్రతి కాడ మొదటి సంవత్సరం పాఠాల బరువు తగ్గించి బాసకు రోజూ రెండు పిరియడ్లియ్యాలె. సైన్సు, సోషల్ పరీక్షలల్ల పిల్ల ఏ బాసల, ఏ యాసల రాసినా విషయానికి మార్కులెయ్యాలె. ఇంగ్లీషు నేర్పేటందుకు ఇంగ్లీషు వచ్చిన టీచరు ఉండాలె. పీఈటీ సారు, లెక్కల సారు పంచుకునే పిరియడ్ కాదది.

జూన్‌ల బడి తెరిచినంక టైంటేబుల్ గోడకంటిస్తరు. విద్యార్థి సంఘాల తమ్ముళ్లు, చెల్లెండ్లు దాన్ని ఫొటో తీసుకొని హెడ్‌మాస్టరు కాడికి పోవాలె. వాడ బాస నుంచి పుస్తకం బాసకు, పుస్తకం బాస నుంచి ఇంగ్లీషుకు నడిచేటందుకు ఇచ్చిన గంటలు ఇండ్ల యాడున్నయో వేలుపెట్టి సూపియ్యమనాలె. లేకుంటే లేవని రాసి, సంతకం చేసి ఇయ్యమనాలె.