చూలాలి ఖర్చు ఎవరు పెట్టాలి?



2025 ఏప్రిల్‌లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర గవర్నరు లారా కెల్లీ ఒక బిల్లును వీటో చేశారు. బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచే ఆ ఖర్చులకు తండ్రి చేత డబ్బు కట్టించవచ్చనేది ఆ బిల్లు. శాసనసభలు మూడింట రెండొంతుల ఓట్లతో వీటోను కాదని దాన్ని చట్టం చేశాయి.

ఖర్చు ఇమ్మంటే గవర్నరు ఎందుకు వద్దన్నట్టు? ఆ బిల్లు డబ్బును తల్లి పేరున కాక, పుట్టని బిడ్డ పేరున రాసింది. పిండాన్ని వేరే మనిషిగా చట్టంలోకి ఎక్కిస్తే, రేపు తన శరీరం గురించి నిర్ణయించుకునే హక్కు తల్లికి పోతుందని వ్యతిరేకించినవారి భయం. నా మటుకు నాకు అది సబబైన భయమే. తల్లి పేరున రాసి ఉంటే చాలా గొడవ తప్పేది.

మన దేశంలో భరణానికి ఉన్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్. పాత 125వ సెక్షనే 2024 జూలై నుంచి ఈ నంబరుతో వచ్చింది. అందులో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు ఉన్నారు. కడుపుతో ఉన్న స్త్రీ అన్న మాటే లేదు. భార్య అయితే భార్యగా అడగవచ్చు. పెళ్లి చేసుకుంటానని నమ్మించి వదిలేసిన అమ్మాయికి ఆ సెక్షన్ కింద బిడ్డ పుట్టేదాకా దారి లేదు. పురిటి ఖర్చు మాత్రం అంతదాకా ఆగుతుందా?

పోనీ, ప్రభుత్వం ఇచ్చేది చూద్దాం. 2013 ఆహార భద్రతా చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలి (సర్కారు కొలువులో జీతం వచ్చేవాళ్లకు తప్ప). దీన్ని ఎవరూ వీటో చేయలేదు. 2017లో మాతృ వందన యోజన వచ్చి, మొదటి కాన్పుకే, అదీ 5,000 అంది. 2022 నుంచి రెండో కాన్పుకు 6,000 ఇస్తున్నారు, ఆడపిల్ల పుడితేనే. మగపిల్లవాడిని మోసిన తల్లికి ఆకలి వేయదా?

మొదటి కాన్పు 5,000లో కడుపుతో ఉండగా చేతికొచ్చేది 3,000. మిగతా 2,000 బిడ్డ పుట్టి, టీకాలు పడ్డాక. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఆ 3,000 పది రోజుల కూలి కూడా కాదు. 2013లో కూలి 149 ఉన్నప్పుడు ఆరు వేలంటే నలభై రోజుల కూలి. ఇప్పుడు ఇరవై రోజులు. కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లకు 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవు ఉంది. మా అమ్మ నన్ను మోస్తూ తొమ్మిదో నెలలో కూడా పొగాకు పనికి పోయింది. మీలో చాలామంది అమ్మలూ అంతే.

కాబట్టి నేను కోరేది రెండే. 6,000 ప్రతి కాన్పుకూ, కూలి పెరిగినట్టు పెరుగుతూ, పురుడు రాకముందే ఇవ్వాలి. తండ్రి నుంచి ఖర్చు అడిగే హక్కు, పెళ్లితో నిమిత్తం లేకుండా, తల్లి పేరునే 144వ సెక్షన్‌లో చేర్చాలి.

అంతలోపల ఉన్నదైనా వదులుకోవద్దు. ఎస్సీ, ఎస్టీ మహిళలు, జాబ్ కార్డు ఉన్నవాళ్లు ఈ పథకానికి అర్హులు. డబ్బు తల్లి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ అక్కో వదినో కడుపుతో ఉంటే, అంగన్‌వాడీలో పేరు ఎక్కిందో లేదో మీరే కనుక్కోండి. ఫారం నింపడం వాళ్లకు రాకపోతే మీరు నింపండి.