అటక మీద పాట... అరచేతిలో పాట!

కంభంలో ఓ పాత మిద్దె ఇల్లు అనుకుందాం. సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీది నుంచి ఓ రేకుపెట్టె దిగింది. మూత తీస్తే కాగితపు తొడుగుల్లో నల్లటి రికార్డులు. తాత కళ్లు మెరిశాయి. ఇంజినీరింగ్ చదివే మనవడు మాత్రం పెదవి విరిచాడు.

'ఈ పాటలన్నీ నా ఫోన్లో ఉన్నాయి తాతా. పాతసామాన్ల వాడికి వేసేద్దాం.'

'నీ ఫోన్లో ఉన్నది పాట కాదురా, పాట నీడ!'

రికార్డులున్న ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే తగువే ఇది. ఇద్దరిలో ఎవరిది నిజం? తీర్పు చెప్పేముందు ఒక్కసారి చెరువు గట్టుకు వెళ్లొద్దాం.

చెరువు గట్టున పాఠం

కంభం చెరువు పదహారో శతాబ్దం నాటిది. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా పొందింది. గాలి వీచినప్పుడు ఆ నీటి మీద అలలు లేస్తాయి కదా... శబ్దం కూడా అలాంటి అలే. కాకపోతే గాలిలో నడుస్తుంది.

ఆ అల వంపుల్ని ఉన్నదున్నట్టు అచ్చుపోస్తే అది రికార్డు. గాయకుడి గొంతు ఎలా కదిలితే రికార్డు మీది గాడి అలా వంకరలు తిరుగుతుంది. ముల్లు ఆ గాడిలో నడుస్తూ అదే కదలికను మళ్లీ శబ్దంగా మారుస్తుంది.

డిజిటల్ పద్ధతి వేరు. గట్టున ఓ మనిషి కొలకర్ర పట్టుకుని నీటి ఎత్తును క్షణక్షణం పుస్తకంలో రాసుకుంటున్నాడనుకోండి. ఆ అంకెల్ని బట్టి అలను మళ్లీ గీయడమే డిజిటల్. 1982లో మార్కెట్లోకి వచ్చిన కాంపాక్ట్ డిస్కులో ఈ కొలత సెకనుకు 44,100 సార్లు జరుగుతుంది.

'మరి రెండు కొలతల మధ్యలో జరిగింది పోయినట్టే కదా?' అంటాడు తాత. చాలామందికి ఉన్న అనుమానమే. కానీ మనిషి చెవి వినగల అతి సన్నని శబ్దం సెకనుకు దాదాపు 20 వేల కంపనాలది. దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే చెవికి అందే అలను లోటు లేకుండా తిరిగి గీయొచ్చని గణితం ఎప్పుడో తేల్చింది.

మిగతా లెక్కల్లోనూ మనవడిదే పైచేయి. అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య తేడా సీడీలో 96 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఎల్పీ రికార్డులో మామూలుగా 60-70 దగ్గరే ఆగిపోతుంది. పైగా ఎల్పీ బయటి అంచున ఒక్క చుట్టుకు గాడి పొడవు 90 సెంటీమీటర్లపైనే. లోపలికి వెళ్లేసరికి 40 లోపే. చుట్టు తిరిగే సమయం మాత్రం ఒకటే. అంటే అదే పాటను ఇరుకు చోట్లో సర్దాలి. అందుకే చాలా రికార్డుల్లో చివరి పాట కాస్త మసకగా వినిపిస్తుంది. దుమ్ము చేసే చిటపటలు సరేసరి!

తాత చెవి అబద్ధం చెబుతోందా?

లేదు. అసలు మెలిక ఇక్కడే ఉంది. మనవడి ఫోన్లో ఉన్నది సీడీ కాదు. సీడీలో సెకను పాటకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటే, ఫోన్లలో ఏళ్ల తరబడి చేతులు మారిన 128 కిలోబిట్ల ఎంపీత్రీలో ఉండేది అందులో పదకొండో వంతు. చెవికి అంతగా తెలియదనుకున్న భాగాల్ని తీసేసి కుదించిన పాట అది. కుదించినదాన్నే మళ్లీ కుదించి పంపుకుంటే గొంతులో మెరుపు పోతుంది, తాళాల మోత గరగరలాడుతుంది.

రెండోది గట్టిదనం పోటీ. పక్క పాటకన్నా తమ పాట గట్టిగా వినిపించాలని 1990ల నుంచి సీడీల్లో శబ్దాన్ని బాగా పెంచేయడం మొదలైంది. గుసగుసా, కేకా ఒకే ఎత్తుకు వచ్చేశాయి. చెరువులో అలలన్నీ ఒకే ఎత్తున లేస్తే చూడ్డానికి ఏముంటుంది?

మూడోది మూలం. పాత పాటల్లో కొన్ని అరిగిపోయిన రికార్డు నుంచి క్యాసెట్‌లోకి, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కినవి. గరగర పోగొట్టబోయి గొంతులోని జీవం కూడా తుడిచేసినవీ ఉన్నాయి. మరి తాత వింటున్నది అచ్చయిన నాటి రికార్డు! తేడా తెలియకుండా ఎలా ఉంటుంది? అంటే తప్పు అంకెలది కాదు, ఆ అంకెల్ని రాసినవాళ్లది.

అమెరికాలో 2022లో సీడీలకన్నా ఎల్పీలే ఎక్కువగా అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. స్వచ్ఛత కోసమే కొన్నారనుకోనక్కర్లేదు. తొడుగు తీసి, ముల్లు పెట్టి, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుని వినడంలో ఓ సుఖముంది. ఫోన్లో అయితే పల్లవి పూర్తికాకముందే వేలు పక్క పాట మీదికి పోతుంది.

లక్కా... పలకరాయీ

ఎల్పీకి ముందుతరం 78 చుట్ల రికార్డుది ఇంకో కథ. అది ప్లాస్టిక్ కాదు, లక్క. అదే... పాండవుల లక్క ఇంట్లోని లక్క! దానికి గట్టిదనం కోసం రాతిపొడి కలిపేవారు. అందులో పలకరాయి పొడి కూడా ఉండేది. పలకలకు పేరుపడ్డ మార్కాపురం పక్కనే ఉన్న కంభం వాళ్లకు ఆ రాయి సంగతి వేరే చెప్పాలా!

ఒక్కో వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. రంగస్థలం మీద రాగం తీస్తూ సాగదీసే నటుడు కూడా రికార్డులో మూడు నిమిషాల్లో ముగించాల్సిందే. తర్వాత ఎల్పీలు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైమాటే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చి ఇంటింటా మోగింది. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశాక విడుదలైన ఆయన భగవద్గీత ఇప్పటికీ ఊళ్లలో వినిపిస్తూనే ఉంటుంది.

ఇలాంటివి ఎక్కడికీ పోవు. అంత పేరు రాని నాటక పద్యాలు, హరికథలు, జానపదాల సంగతే ఆలోచించాలి. వాటిలో కొన్ని క్యాసెట్‌లోకీ రాలేదు, సీడీలోకీ రాలేదు. మూల అచ్చు పోయిందంటే ఎవరో ఒకరి అటక మీదున్న రికార్డే మిగిలిన ఆధారం. పాతసామాన్ల బండి ఎక్కేది నల్లటి బిళ్ల కాదు, ఓ మనిషి గొంతు!

బండి ఎక్కించేముందు...

* రికార్డుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకండి. పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగిలితే వంకర తిరుగుతాయి.

* లక్క రికార్డును స్పిరిట్‌తో తుడవకండి. లక్క కరిగిపోతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. జారిపడితే గాజులా పగులుతుంది జాగ్రత్త.

* ఎల్పీ ముల్లు సన్నం, 78 ముల్లు లావు. ఒకదాని ముల్లుతో మరోదాన్ని వాయిస్తే గరగర తప్పదు. కీ ఇచ్చే గ్రామఫోన్‌లో స్టీలు ముల్లును ఒక్క వైపు వాయించగానే మార్చేయాలి. లేదంటే గాడిని గీరేస్తుంది.

* కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ప్లేయర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఫోనో ప్రీ ఆంప్లిఫయర్ ఉండాలి. లేకపోతే పాట పీలగా వస్తుంది.

* మొదటి కాపీ కుదించని వేవ్ ఫైలుగా దాచండి. చిటపటలు తీసేయడం, ఎంపీత్రీ చేయడం లాంటివన్నీ దాని నకలు మీదే. లేబుల్ ఫొటో తీసి, దాని మీది పేర్లూ నంబరూ రాసి పెట్టండి.

ఇంతకీ గెలిచిందెవరు? శబ్దం లెక్కల్లో మనవడు, చెవి లెక్కల్లో తాత. కానీ ఒకరు లేకుండా ఇంకొకరి పని నడవదు. రికార్డు ముల్లు పడినప్పుడల్లా కొంత అరుగుతుంది. అంకెలు ఎన్నిసార్లు విన్నా అరగవు. అయితే ఆ అంకెలు మంచివి కావాలంటే మంచి రికార్డు ముందుండాలి. చెరువులో నీళ్లుంటేనే కదా, కాలువలో పారేది!

ఆ మాట కంభంలో తాతలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనవళ్లకే ఒకసారి చెప్పాలి... రేకుపెట్టె ఇంకా ఇంట్లో ఉండగానే.