మందు ఆసుపత్రిలో, జాగ్రత్త ఇంటిలో

‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అని చిన్ననాటి నుండి వల్లె వేస్తున్నాం. ఆ భాగ్యం చేజారినవారికి దానిని తిరిగి నిలుపుకొనే జ్ఞానాన్ని అందించే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నను మాత్రం మనం అంతగా ఆలోచించలేదు. క్యాన్సర్‌కు కీమోథెరపీ పొందుతున్న మన సీమ రోగుల విషయంలో ఇది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

ఈ వైద్యం మనకు పరాయిది కాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినాప్టెరిన్ అనే మందు రూపొందింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధి వెనుకంజ వేస్తుందని 1948లో లోకానికి చాటారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు, ఉర్దూలో సదాబహార్, విన్‌క్రిస్టిన్ అనే మరొక మందుకు పుట్టిల్లు. అంతమాత్రాన ఆ ఆకు నూరి మింగరాదు. మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చే మందు వేరు, కొలతలేని పసరు వేరు.

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్యసేవ, పేదల కీమోథెరపీ ఖర్చును చాలావరకు భరిస్తున్నది. ధనాభావం కొంత తొలగినా, అవగాహన లేమి తొలగలేదు. మందు ఎక్కించేది కొన్ని గంటలు. దాని ప్రభావాన్ని భరించేది రెండు మూడు వారాలు, అదీ ఏ ఆలూరులోనో, జమ్మలమడుగులోనో తన ఇంట్లో. చేతికిచ్చే కాగితం సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి కర్నూలు జిల్లా స్త్రీలలో సుమారు సగం మందికి చదువే రాదు. ఆ కాగితం వారికి ఏమి చెప్పగలదు?

తెలియవలసినది కొండంత శాస్త్రమేమీ కాదు. కీమో మందు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తుంది. అందుచేతనే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, తెల్లరక్తకణాలు తగ్గుతాయి. సాధారణంగా ఏడవ రోజుకూ పద్నాల్గవ రోజుకూ మధ్య ఆ కణాలు అతి తక్కువగా ఉంటాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పోవలసిందే. ఇంటిలో ఉన్న మాత్ర వేసి తెల్లవారే దాకా చూద్దామనుకోవడం ప్రాణాంతకం కావచ్చును. కనుక ప్రతి రోగి ఇంట ఒక థర్మామీటరు ఉండవలె.

నలభై డిగ్రీలు దాటే మన ఎండలకు వాంతులు, విరేచనాలు తోడైతే ఒంటిలోని నీరు ఇంకిపోతుంది. సిస్‌ప్లాటిన్ వంటి మందు మూత్రపిండాలకు భారం. వైద్యుడు చెప్పినంత నీరు తాగక తప్పదు. రంజాన్‌లో కూడా రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఉన్నదని ఇస్లాం ధర్మమే చెబుతున్నది. పథ్యం పేరిట గుడ్డు, పప్పు మాన్పించడం బలాన్ని మరింత తగ్గించడమే. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రోగి కంచం వేరు చేయడం అనవసరమైన అవమానం. మిరప కోతలకు సుగ్గికి పోయే కుటుంబాలకు మరొక మాట: కూలి పోతుందని ఒక విడత మందు వాయిదా వేయరాదు, వైద్యునితో ముందే మాట్లాడవలె.

రోగికి అన్నీ చెబితే బెంగపడతాడని కొందరి వాదన. వ్యాధి పేరు దాచిపెట్టినా జ్వరం దాగదు. బెంగ పుట్టేది తెలియనితనం నుండి. ఏది ప్రమాదమో, ఏది మామూలో తెలిసినవాడు ధైర్యంగా ఉంటాడు. వైద్యులకు తీరిక లేదన్న మాట మాత్రం కాదనలేం. వరండా పొడవునా రోగులు బారులు తీరి ఉండగా ఒక్కొక్కరికీ అరగంట బోధించడం ఎవరి వల్లనూ కాదు. కావుననే ఆ పనిని ఇతరులు పంచుకోవలె.

2022లో మన శాసనసభ ఉర్దూకు రాష్ట్రంలో రెండవ అధికార భాష హోదా ఇచ్చింది. ఆ గౌరవం కార్యాలయాల బోర్డులతో ఆగిపోరాదు. వైద్యుల ఆమోదంతో తెలుగులో, ఉర్దూలో ఒక్క పుట సూచనపత్రం, చదువురానివారికి బొమ్మలతో సహా, ప్రతి కీమో రోగికీ అందవలె. పక్కన ఎవరో ఒకరు దానిని చదివి వినిపించి, తిరిగి చెప్పించుకోవలె.

విద్యార్థి సోదరీ సోదరులారా! రెండు భాషలూ నేర్పే మన కళాశాలలకు ఇంతకన్న తగిన సేవ వేరొకటి లేదు. పరీక్షలో మార్కులు తెచ్చే భాష ఒక తల్లికి జ్వరమానిని చూడడం నేర్పగలిగిన నాడు మన చదువు సార్థకమవుతుంది.