డిక్కీ సంగతి మనల్ని అడగరేం?

కారు కొనేటప్పుడు మగవాళ్లు పికప్పు, మైలేజీ చూస్తారు. సర్దేది మాత్రం మనం. నరసరావుపేట నుంచి హైదరాబాదులో పిల్లల దగ్గరికి బయల్దేరితే బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, కారం డబ్బా, అన్నీ డిక్కీలోకి ఎక్కాలి కదా! ఇప్పటి పెద్ద బళ్లలో మూడో వరుస సీట్లు వేస్తే రెండు సంచులకు మించి పట్టవు. పైగా బస్తాని నడుం ఎత్తుకి లేపాలి.

వెనక భాగం పొడుగ్గా ఉండే టాటా ఎస్టేట్ 1992లోనే మన దేశంలో వచ్చింది. మనవాళ్లకి నచ్చలేదు. సామాన్ల బండిలా ఉందట!

అలాంటి కారు నత్తలా పోతుందనీ అంటారు. స్వీడన్ వోల్వో కంపెనీ 1994లో తన 850 ఎస్టేట్‌ని ఏకంగా బ్రిటన్ రేసుల్లో దింపింది. మరుసటేడు టర్బో ఇంజినుతో టీ-5ఆర్ తెచ్చింది, దాదాపు 240 హార్స్‌పవర్. పక్కనుంచి గుద్దితే కాపాడే ఎయిర్‌బ్యాగులు ప్రపంచంలో మొదట వచ్చిందీ 850లోనే. వేగం, చోటు, పిల్లల భద్రత, మూడూ ఒకే బండిలో!

ఈసారి షోరూముకి వెళ్తే ముందు డిక్కీ తెరిపించండి. వెనక సీట్లు మడిచి చూపించమనండి. ఆయన కాస్త విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.