సారు పెట్టె, నా సూట్‌కేసు



పోయిన నెల మా రూములోంచి ఒక అన్న ఉద్యోగం చాలించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోయాడు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఈ పాత బిల్డింగులోనే పదహారేళ్లు గడిపిన మనిషి. పోయేముందు రైస్ కుక్కర్ ఒకరికి, దుప్పటి ఇంకొకరికి ఇచ్చి, చివరికి మంచం కింది నుంచి ఒక అట్టపెట్టె లాగాడు. అందులో 20 పైచిలుకు తెలుగు పుస్తకాలు. "లగేజీ బరువెక్కువైతది, మీరే చదువుకోండ్రి" అని చెప్పి ఎయిర్‌పోర్టుకు బయల్దేరాడు.

ఆ రాత్రే పెట్టె మీద పంచాయితీ మొదలైంది. పక్క రూము వాళ్లు అడిగితే ఇవ్వాలా? పోతే ఎవరు బాధ్యులు? "తాళం వేసి పెడదాం, అడిగినోళ్లకు తీసిద్దాం" అన్నాడొక తమ్ముడు. తాళం మాట వినగానే నాకు మా హైస్కూలు గుర్తొచ్చింది.

మా బడిలో లైబ్రరీ అంటే హెడ్‌మాస్టర్ రూములో రెండు అద్దాల బీరువాలు. అద్దంలోంచి పుస్తకాలు కనపడేవి, చేతికి అందేవి కావు. తప్పు మా లైబ్రేరియన్ సారుది కాదు. స్టాక్ రిజిస్టర్‌లో ప్రతి పుస్తకానికీ నంబరుండేది. ఆడిట్‌లో లెక్క తగ్గితే తన జీతంలో కోస్తారని ఆయన భయం. పిల్లలున్న ఇల్లు, చిన్న జీతం. ఆ భయం నాకిప్పుడు బాగా అర్థమవుతుంది.

అందుకని ఆయన తన సొంత పుస్తకాలు తెచ్చేవారు. సైకిల్ క్యారియర్‌కు కట్టిన రేకు పెట్టె. అన్నం గంట కొట్టాక వేపచెట్టు కింద దాన్ని తెరిచేవారు. ఏడాదికి 12 సంచికలు కలిపి కుట్టించిన చందమామ బైండ్లు, రష్యా నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన రంగు బొమ్మల పుస్తకాలు, రెండో మూడో నవలలు. నవలలు పదో తరగతి వాళ్లకే. ప్రతి పుస్తకం మొదటి పేజీలో పచ్చ సిరాతో ఆయన పేరు. చిన్న డైరీలో మన పేరు, తారీఖు రాసుకునేవారు, అంతే. చినిగితే మైదా జిగురుతో అతికించుకుని రమ్మనేవారు. పోతే రెండు తిట్లు తిట్టి ఊరుకునేవారు. సర్కారు పుస్తకం పోతే మాఫీ చేసే అధికారం ఆయనకు లేదు. తన పుస్తకమైతే ఉంది. ఆ తేడా వల్లే మా ఊరి పిల్లలు బడి పుస్తకం కానిదాన్ని చదవడం నేర్చుకున్నారు.

మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి పెద్దదిక్కు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు రాస్తే, అందులో మొదటిదే పుస్తకం ఉన్నది వాడకం కోసం అని. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. అంత దూరం ఎందుకు, మన దోహాలోనే 2018లో లాంఛనంగా ప్రారంభమైన ఖతర్ నేషనల్ లైబ్రరీ ఉంది. అందులో పాత రాతప్రతులు, మ్యాపులు ఉన్న విభాగానికి పునాది షేక్ హసన్ బిన్ మొహమ్మద్ అల్ థానీ సొంతంగా కూడబెట్టుకున్న పుస్తకాలే. ఖతర్ ఐడీ ఉన్నవాళ్లకు మెంబర్‌షిప్ ఉచితం. దోహా జదీద్‌లో మెట్రో ఎక్కి, ముషేరిబ్‌లో గ్రీన్ లైన్‌కు మారండి. లైబ్రరీ పేరుతోనే స్టేషనుంది. శుక్రవారమైతే వేళలు చూసుకుని బయల్దేరండి.

ఇక నా సూట్‌కేసు సంగతి. దాని అడుగున 1979 చందమామ బైండు ఉంది. పచ్చ సిరా పేరుతో సహా.

అది సారు దగ్గర తీసుకున్నది నేను కాదు, నా పక్కన కూర్చునే దోస్తు. డైరీలో వాడి పేరే పడింది. వాడు చదివి నాకిచ్చాడు. ఎండాకాలం సెలవులొచ్చాయి. ఆ సెలవుల్లోనే మా నాయిన మగ్గం పని కోసం మమ్మల్ని భీవండి తీసుకుపోయాడు. పుస్తకం బట్టల మధ్య మాతో వచ్చింది. భీవండి నుంచి బొంబాయి, అక్కణ్నుంచి దోహా. ఇచ్చేద్దాం, ఇచ్చేద్దాం అనుకుంటూనే నలభై ఏళ్లు దాటాయి.

పంచాయితీ జరిగిన మర్నాడు వాట్సాప్‌లో పాత మిత్రులను అడిగి సారు నంబరు సంపాదించాను. ఎనభై దాటారు, కరీంనగర్‌లో కొడుకు దగ్గరుంటున్నారు. నా పేరు చెబితే గుర్తుపట్టలేదు. చందమామ అనగానే గుర్తుపట్టారు.

"డెబ్బై తొమ్మిదిది నీ దగ్గరున్నదారా?"

కాసేపు మాట్లాడలేదు. ఫోను కట్టయిందనుకున్నాను. తర్వాత, "నేను వాడనుకున్న" అన్నారు. వాణ్ణి కొట్టలేదట, తిట్టలేదట. "పుస్తకమేదిరా అంటే, ఇచ్చిన సార్ అన్నడు. ఎవరికిచ్చినవంటే చెప్పలే. నీ దగ్గర పుస్తకం నిలవదని ఇగ వానికి పెట్టె తియ్యలే."

వాడు తొమ్మిదిలోనే బడి మానేశాడు. ఆ బైండు వల్లే మానేశాడని నేననను, వాళ్లింట్లో కష్టాలు వేరే ఉన్నాయి. కానీ నా పేరు చెప్పి ఉంటే వాడికి పెట్టె మళ్లీ తెరుచుకునేది. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.

రూములో ఈ సంగతంతా చెప్పాను. "పాత చందమామలు ఇప్పుడు ఫోనులో దొరుకుతయి గదన్నా" అన్నాడు తాళం తమ్ముడు. దొరుకుతాయి తమ్మీ, అన్నాను. ఆ మాట మీద ఎవరూ ఇంకేం అనలేదు.

కింద బకాలాలో ఒక నోటుబుక్కు కొన్నాం. పుస్తకం పేరు, తీసుకున్నవాడి పేరు, రూము నంబరు, తారీఖు. చేతులు మారితే నోటుబుక్కులో కూడా పేరు మారాలి. వెకేషన్‌కు పోయేవాడు పుస్తకం పెట్టెలో పెట్టే పోవాలి. పోతే మాఫీ, పైసలడగడం లేదు. పెట్టెకు తాళం లేదు. ఇప్పటికి 9 పుస్తకాలు బయట తిరుగుతున్నాయి. ఒకటి ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు దాకా పోయింది, పేరు మార్చుకునే పోయింది.

వచ్చే నెల నా వెకేషన్. బైండును ప్లాస్టిక్ కవర్లో చుట్టి చేతి బ్యాగులో పెట్టాను. హైదరాబాద్‌లో దిగి ఊరికి పోయే దారిలోనే కరీంనగర్, సారిల్లు. కానీ ఫోను పెట్టేసే ముందు ఆయనొక మాటన్నారు. "నా దగ్గరికి తర్వాత రా. మొదలు వాని దగ్గరికి పో. ఊర్లనే ఉన్నడు."