ఒరిజినల్ అయితే బ్రేకు పడక్కర్లేదా?

పాత సైకిళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళలో ఒక తెగ ఉంది. సైకిల్ చూడగానే "అంతా ఒరిజినలేనా?" అని అడుగుతారు. బాగా నడుస్తోందా అని మాత్రం ఒక్కరూ అడగరు. నా గొడవంతా వీళ్ళతోనే.

నాది ఇంగ్లండులో తయారైన పాత మూడు గేర్ల సైకిల్. న్యూజెర్సీలో ఒక గరాజ్ సేల్‌లో కొన్నా. వెనక హబ్ మీద స్టర్మీ ఆర్చర్ ఏడబ్ల్యూ అని, దాని కింద 68 అని కొట్టి ఉంది. అంటే 1968లో చేసిన హబ్ అన్నమాట. అప్పుడప్పుడూ నాలుగు చుక్కల నూనె వేస్తే చాలు, ఇప్పటికీ టిక్కు టిక్కుమంటూ నడుస్తుంది. దాన్ని మార్చమంటే నేనే ఒప్పుకోను.

చిక్కంతా రిమ్ములతోనే. అవి స్టీలువి, పైన క్రోమ్ పూత. అద్దంలా మెరుస్తాయి. తడిస్తే అద్దంలాగే జారుతాయి కూడా, బ్రేకు రబ్బరుకి పట్టు దొరకదు. ఒకసారి వానలో పల్లం దిగుతూ, స్టాప్ సైన్ దగ్గర రెండు బ్రేకులూ బలమంతా పెట్టి నొక్కా. సైకిల్ వెళ్ళి వెళ్ళి కూడలి మధ్యలో ఆగింది. ఆ క్షణంలో అటుగా కారేదీ రాలేదు కాబట్టి ఇవాళ మీకిది రాస్తున్నా.

ఆ వారమే ముందు చక్రానికి అల్యూమినియం రిమ్ తెప్పించా. ముందుదే ఎందుకంటే, బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి తూగుతుంది, ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకుదే. పైగా ఆ కాలపు ఇంగ్లీషు సైకిళ్ళకి మామూలుగా ముందు 32, వెనక 40 స్పోకులుంటాయి. 32 రంధ్రాల రిమ్ తేలిగ్గా దొరుకుతుంది, 40ది వెతుక్కోవాలి. హబ్ పాతదే ఉంచి, కొత్త స్పోకులతో కట్టించా. వెనక 18 పళ్ళ స్ప్రాకెట్ తీసి 22 పళ్ళది వేశా. దాన్ని పట్టి ఉంచేది ఒక్క రింగు, స్క్రూడ్రైవర్‌తో ఊడొస్తుంది. గేర్లన్నీ దాదాపు 18 శాతం తేలికయ్యాయి, ఎత్తులు ఎక్కేటప్పుడు మోకాళ్ళు బతికాయి.

ఫొటో చూసిన ఓ మిత్రుడు "పాడు చేశావు కదరా!" అన్నాడు.

ఏం పాడు చేశానండీ? పాత రిమ్, పాత స్ప్రాకెట్ అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పెట్టేయొచ్చు. మన భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ ఉంది. నా మటుకు నాకు గీత అక్కడే. ఫోర్కుకి చిల్లు పెట్టడం, ఫ్రేమ్ అరగదీయడం, అసలు రంగు గీకేసి కొత్త రంగు కొట్టడం.. వీటికి రోల్‌బ్యాక్ లేదు. అలా చేసేవాళ్ళని వాళ్ళతో పాటు నేనూ తిడతా. అమ్మేటప్పుడు ఏం మార్చానో చెప్పి, ఆ పెట్టె కూడా ఇచ్చేయాలి. అది మర్యాద.

అన్నిటికీ ఇదే సూత్రం అనట్లేదు. ఇటలీలో కోమో సరస్సు దగ్గర గిసాల్లో అనే కొండ మీద చిన్న చర్చి ఉంది. కొప్పి, బార్తాలి లాంటి రేసర్లు తొక్కిన సైకిళ్ళు అందులో వేలాడుతుంటాయి. వాటిలో ఒక్క నట్టు మార్చినా నేరమే. అవి చరిత్రకి సాక్ష్యాలు, వాటినెవరూ వానలో తొక్కబోరు. నాది లక్షల్లో ఒకటి, ఆఫీసుకెళ్ళడానికి కొన్నది.

అసలు ఈ ఒరిజినల్ అనే మాటే అనుమానం. మా తాతయ్య హెర్క్యులిస్‌కి టైర్లు, చెయిను, సీటు, పెడల్స్ ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. చివరికి ఫోర్కు కూడా మారింది. ఆయనెప్పుడూ అది తన సైకిల్ కాదనుకోలేదు. అది తొక్కడానికి చేసిన వస్తువు, తొక్కుతూనే ఉన్నాడు. ఆ సైకిల్‌కి అంతకంటే గౌరవం ఏముంటుంది?

"అంతా ఒరిజినలే" అని గర్వంగా చెప్పేవాళ్ళని ఒక్కటే అడుగుతా. మీ సైకిల్ ఆఖరిసారి వానలో ఎప్పుడు తడిసింది?